నలభై దాటాక పౌడరు మాట వినదు

నలభై దాటాక పౌడరు మన మాట వినదండీ. ఇరవైల్లో ముఖం కడుక్కుని, తువ్వాలుతో ఒత్తుకుని, అరచేతిలో ఇంత పౌడరు పోసుకుని రెండు బుగ్గలకీ రాసేస్తే పేరంటానికి తయారైపోయినట్టే. ఇప్పుడు అదే పౌడరు రాసుకున్నప్పుడు అద్దంలో బాగానే కనిపిస్తుంది. గంట పోయాక చూసుకుంటే కళ్ళకింద గీతల్లోనూ, మూతి పక్క మడతల్లోనూ గోడ బీటల్లో సున్నంలాగా పేరుకుని ఉంటుంది. ఉన్న వయసుకి ఇంకో పదేళ్ళు కలుస్తాయి.

ఆ మధ్య మా బంధువుల ఇంటి పెళ్ళికి మేకప్ చేయిద్దామని ఒక పార్లర్‌లో అడిగితే, "యంగ్ లుక్ ప్యాకేజీ" అని చెప్పి వాళ్ళు చెప్పిన రేటుకి ఒక మంచి మంగళగిరి పట్టుచీర వస్తుంది. పోనీ అనుకుంటే, గోడమీద పెట్టుకున్న నమూనా ఫొటోల్లో ఆడవాళ్ళందరూ ఒకే మనిషిలా ఉన్నారు. ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. మావారు ఆ ఫొటోలు చూసి "వీళ్ళందరూ అక్కచెల్లెళ్ళా?" అన్నారు. ఆయన మామూలుగా ఇలాంటివి గమనించే మనిషి కాదు. ఆయనకే తెలిసిందంటే చూసుకోండి.

నా మటుకు నాకు ఇరవై ఏళ్ళ పిల్లలా కనపడాలని లేదు. నా కూతురికి ఇరవై ఏళ్ళు. ఒకే ఇంట్లో ఇద్దరెందుకు? రాత్రి బాగా నిద్రపోయి లేచిన మనిషిలా కనిపిస్తే చాలు. నలభైల్లో ఆడదాని ముఖంలో వయసు కన్నా ముందు కనిపించేది అలసట. మేకప్‌తో దాచాల్సింది ఏదన్నా ఉంటే అదొక్కటే.

ఈ విద్య మా తెనాలికీ బాపట్లకీ కొత్తదేం కాదు. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో పుట్టారు. 1920 ప్రాంతంలో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా మొదలుపెట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా, చిత్రాంగిగా, దేవదేవిగా మూడు దశాబ్దాలకి పైగా ఆడవేషాలు కట్టారు. ఆయన చీరకట్టు చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్ళు నాటకానికి వెళ్ళేవారని మా అమ్మమ్మ చెప్పేది. 1956లో పద్మశ్రీ వచ్చింది. నాకు ఆశ్చర్యం కలిగించేదేమిటంటే, నలభై ఏళ్ళ ప్రాంతంలో ఉన్న మగమనిషి, మీసం గీయించుకున్న ముఖంతో, కృష్ణుణ్ణి కొంగున కట్టేసుకున్న గడుసు పడుచుపిల్లగా జనాన్ని నమ్మించడం. అప్పట్లో రంగస్థలం మీద ముఖానికి రాసే రంగుల్లో అర్దళం ఒకటి. అది పాషాణం కలిసిన పచ్చని ఖనిజం. ఇవాళ తెలిసి తెలిసి ఎవరం ముఖానికి రాసుకోం.

1942లో వచ్చిన సత్యభామ సినిమాలో కూడా ఆయనే సత్యభామ. కానీ స్టేజీ మీద వచ్చినంత పేరు తెర మీద రాలేదు. నాకు ఇందులో ఒక పాఠం కనిపిస్తుంది. స్టేజీ మేకప్ యాభై అడుగుల దూరాన నేల మీద కూర్చున్న వాళ్ళ కోసం. దూరం నుంచి చూస్తే గీత గీతలా కనపడదు, కళ్ళే కనపడతాయి. కెమెరా దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. మనం చేసే పొరపాటంతా అదే. పెళ్ళిపందిట్లో రెండడుగుల దూరాన నిలబడి పలకరించే మేనత్తల కోసం, చేయి చాపితే అందే సెల్‌ఫోను కోసం, స్టేజీకి వేసినట్టు వేసుకుంటాం.

బి.ఏ. తెలుగు చదివిన అలవాటు పోదు కాబట్టి ఒక మాట. విరాటపర్వంలో ద్రౌపది అజ్ఞాతవాసానికి ఎంచుకున్న ఉద్యోగం సైరంధ్రి. అంటే రాణీగారికి జడలు అల్లి, మైపూతలు పూసి, దండలు కట్టి అలంకారం చేసే మనిషి. మహారాణి అయినావిడ, తలదాచుకోవడానికి చేతిలో ఉన్న విద్యగా దాన్నే చూపించింది. ఆ రోజుల్లోనే అదొక బతుకుతెరువు.

ఇంతకీ ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ మాఘమాసంలో నేనూ ఒకరోజు సైరంధ్రినయ్యాను.

మా ఆడపడుచుది రేపల్లె. నాకన్నా రెండేళ్ళు చిన్న, నలభై నాలుగు. 2021 మే నెలలో, ఆ కరోనా రెండో విడతలో, వాళ్ళాయన పోయాడు. ఆయనకి బజార్లో చిన్న ఫ్యాన్సీ షాపు ఉండేది. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు, గోళ్ళరంగులు, పౌడరు డబ్బాలు. మూణ్ణెల్లు మూతబడింది. తర్వాత తనే వెళ్ళి తాళం తీసింది. బావగారు "అమ్మేద్దాం" అన్నా వినలేదు.

షాపు నిండా అలంకారం సామాను. మధ్యలో బోసి ముఖంతో తను. మొదట్లో శుక్రవారం పొద్దున్నే కుంకుమ పొట్లం కోసం వచ్చిన పెద్దావిడ ఒకరు, కౌంటర్ దగ్గర తనని చూసి, "సాయంత్రం వస్తాలేమ్మా, కుర్రాడు ఉంటాడుగా" అని వెనక్కి తిరిగి వెళ్ళిందట. ఆ మాట నాతో చెబుతూ నవ్వింది. "సాయంత్రం వచ్చి కొనుక్కుంది వదినా, బేరం పోలేదు" అని. నాకు నవ్వు రాలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు సూతాశ్రమం కట్టుకున్న తెనాలిలో ఉంటున్నాం. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది. మనం ఇంకా బొట్టు దగ్గరే ఆగి ఉన్నాం.

తన కూతురికి బాపట్ల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో ఉద్యోగం. ఆదివారం పెళ్ళిచూపులు. గురువారం రాత్రి ఫోన్ చేసింది.

"వదినా, నువ్వు ఆదివారం పొద్దున్నే రాగలవా?"

"ఎలాగూ వస్తాంగా. అమ్మాయికి మేకప్ నేనే చెయ్యాలా?"

"దానికి అక్కర్లేదు, దాని ఫ్రెండ్సున్నారు. నాకు." ఒక్క క్షణం ఆగింది. "మా పెదమామగారి భార్య అంటోంది, శుభమా అని వస్తున్నారు, నువ్వు లోపలుండు, నీ తోడికోడలిని ముందు కూర్చోబెడదాం అని. నేను కూర్చుంటానన్నాను. కూర్చున్నాక నన్ను చూసి ఎవరూ అయ్యో అనకూడదు వదినా. అంతే."

ఆ "అంతే" నాకు శనివారం దాకా చెవిలో ఉండిపోయింది.

శనివారం నా సామాను బయట పెట్టుకుని కూర్చున్నాను. మా అత్తయ్యగారు మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నారు. ఆవిడకి డెబ్భై ఆరు. మామయ్యగారు పోయిన దగ్గర్నుంచి నుదుట విభూతి గీత తప్ప ఇంకోటి ఎరగరు. "ఎవరికి అవి?" అన్నారు. "మీ అమ్మాయికి" అన్నాను. ఇంకేం అడగలేదు. తెల్లారి మేం బయల్దేరుతుంటే ఆవిడ మాకంటే ముందే చీర మార్చుకుని చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

తెనాలిలో రేపల్లె బండెక్కితే వేమూరు, భట్టిప్రోలు మీదుగా చివరి స్టేషన్ రేపల్లే. పొలాల్లో మినుము ఉంది. దారంతా అత్తయ్యగారు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ రోజు ఏం చేశానో చెబుతాను. మీలో చాలామందికి పనికొస్తుంది, తొందరగా దాటేయకండి.

ముందు ముఖం కడిగించి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాశాను. రాసి పది నిమిషాలు ఊరుకున్నాను. ఈ పది నిమిషాలు ఎవరూ ఆగరు. ఎండిన చర్మం మీద ఎంత ఖరీదైన ఫౌండేషన్ వేసినా పెచ్చులు పెచ్చులుగానే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో కాఫీ తాగించాను.

తన కళ్ళకింద నలుపు మూడేళ్ళది. దాని మీద నేరుగా తెల్లటి కన్సీలర్ వేస్తే బూడిద రాసినట్టు అవుతుంది. మన చామనఛాయ ముఖాల్లో కళ్ళకింద ఉండే నలుపుకి ముందు నారింజ రంగు కరెక్టర్ పడాలి. చూడ్డానికి భయంగా ఉంటుంది, ఇదేంటి పసుపూ కుంకుమా కలిపి రాస్తున్నావా అంటారు. కానీ నలుపులోని నీలాన్ని మింగేది ఆ నారింజే. అది కూడా కంటికింద మొత్తం కాదు, ముక్కు పక్క లోపలి మూల, నలుపు గట్టిగా ఉన్న చోట మాత్రమే, ఉంగరం వేలితో అద్దాలి. రుద్దకూడదు. దాని మీద సన్నగా ఒక పొర కన్సీలర్.

ఫౌండేషన్ రంగు చాలామంది మణికట్టు మీద పెట్టి చూస్తారు. మణికట్టుకి పెళ్ళిచూపులు లేవు కదా. దవడ ఎముక దగ్గర, ముఖమూ మెడా కలిసేచోట గీత గీసి, షాపు బయటికొచ్చి ఎండ వెలుతుర్లో చూసుకోవాలి. ఏ గీత కనపడకుండా పోతే అదే మన రంగు. షాపుల్లో ట్యూబులైటు కింద అందరం ఒక షేడు తెల్లగానే కనిపిస్తాం, ఒక షేడు తెల్లదే కొంటాం. దాన్ని తడిపి గట్టిగా పిండిన స్పాంజితో ముఖం మధ్యలోంచి బయటికి అద్దుకుంటూ పోయాను. తనకి బుగ్గల చివర్లలో అసలు వెయ్యలేదు. చర్మం బాగున్న చోట చర్మమే కనపడనివ్వాలి. పడుచుదనం అనేది ఎక్కడన్నా ఉంటే అక్కడే ఉంటుంది.

పౌడరు ముక్కు మీదా, నుదుట నడుమా, గడ్డం మీదా మాత్రమే. కళ్ళకింద వద్దు, నవ్వితే గీతలు పడే చోట వద్దు. ఎండపొడకి మంచిదని వేసుకునే కొన్ని పౌడర్లూ క్రీములూ ఫ్లాష్ పడితే ఫొటోలో ముఖాన్ని సున్నం కొట్టినట్టు చూపిస్తాయి. ముందురోజే ఇంట్లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసుకుని చూసుకుంటే గొడవ లేదు.

కనుబొమలు నాకు చాలా ముఖ్యం. ముప్ఫై ఏళ్ళుగా దారంతో లాగించి లాగించి మన తరం వాళ్ళవి సన్నబడి, చివర్లు రాలిపోయాయి. నల్ల పెన్సిల్‌తో ఒకే గీత గీస్తే కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ముదురు గోధుమరంగు పెన్సిల్‌తో వెంట్రుకలు గీసినట్టు చిన్న చిన్న గీతలు గీసి, బ్రష్‌తో పైకి దువ్వితే కన్ను తెరుచుకుంటుంది.

కాటుక దగ్గర చెయ్యి ఆగింది. మా పుట్టింట్లో కాటుక ఇంట్లోనే పట్టేవారు. గుంటగలగరాకు రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డని వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లిస్తే తెల్లారేసరికి మసి పట్టేది. అదో వాసన. కింది రెప్పకి నిండుగా దిద్దడం మన అలవాటు. ఈ వయసులో కింది కాటుక మధ్యాహ్నానికల్లా జారి ఆ నలుపుతో కలిసిపోతుంది, అందుకని పై రెప్ప అంచున మాత్రమే సన్నగా గీశాను. తను అద్దంలో చూసుకుని, "కింద పెట్టకపోయినా పెట్టినట్టే ఉందే" అంది. మూడేళ్ళ తర్వాత ఆ కళ్ళల్లో నల్లరంగు.

బుగ్గలకి వేరే రంగేమీ వాడలేదు. లిప్‌స్టిక్కే రెండు చుక్కలు వేలికి తీసుకుని, బుగ్గ ఎముక పైభాగాన కణతల వైపు అద్దాను. చిన్నపిల్లలకైతే నవ్వినప్పుడు ఉబ్బేచోట వేస్తే ముద్దుగా ఉంటుంది. మనకి అక్కడ వేస్తే బుగ్గ ఇంకా కిందకి జారినట్టు ఉంటుంది. పెదాలకి ముదురు మెరూన్ వద్దన్నాను. వయసుతో సన్నబడిన పెదాలు ముదురు రంగులో ఇంకా సన్నగా కనిపిస్తాయి. ఎండిన గులాబీ రేకు రంగు వేశాను.

అప్పుడు వెనక నుంచి అత్తయ్యగారి గొంతు. "ఎడం కనుబొమ కొంచెం ఎత్తుగా ఉంది, చూడు."

ఇద్దరం వెనక్కి తిరిగాం. ఆవిడ గోడకానుకుని ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలియదు. చూస్తే నిజమే, నూలుపోగంత తేడా. సరిచేశాను. "ఇప్పుడు బాగుంది" అన్నారు.

ఇక మిగిలింది నుదురు.

నేనేం మాట్లాడలేదు. అది నేను చెప్పాల్సింది కాదు. తను లేచి వెళ్ళి షాపు సామాను పెట్టుకునే పెట్టెలోంచి బొట్టుబిళ్ళల అట్ట తెచ్చుకుంది. ఎర్రవి కాదు, నల్లవి కాదు, మిరియపుగింజంత మెరూన్ రంగువి. ఒకటి ఊడదీసి వేలిమీద పెట్టుకుని అలాగే నిలబడింది. వాళ్ళమ్మ వైపు చూడలేదు. అద్దంలోంచి చూసింది. అత్తయ్యగారు అద్దంలో కూతుర్ని చూశారు. తర్వాత "పాలు పొంగుతాయేమో" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. పొయ్యి మీద పాలు లేవు. తను బొట్టు పెట్టుకుంది.

అత్తయ్యగారు ఒప్పుకున్నట్టా, చూడలేక వెళ్ళిపోయినట్టా? ఇప్పటికీ నేను అడగలేదు. ఆవిడ తనంతట తాను చెప్పలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి చేత ప్రతిదీ నోటితో ఒప్పించాలని నాకు అనిపించదు. ఎడం కనుబొమ గురించి చెప్పారు. నాకు అది చాలు.

సందులో బొట్టుబిళ్ళల గురించి కూడా ఒకటి చెప్పాలి. కొన్నిటి జిగురులో ఉండే రసాయనం కొందరికి పడదు. రోజూ అదే చోట పెట్టగా పెట్టగా అక్కడ చర్మం రంగు పోయి తెల్లమచ్చ పడుతుంది. దురద, ఎరుపు కనిపిస్తే వెంటనే మానేసి చర్మం డాక్టరుకి చూపించుకోండి. రాత్రి బిళ్ళ తీసేసే పడుకోవాలి. తలుపుకో అద్దానికో అంటించి మళ్ళీ పొద్దున పెట్టుకునే అలవాటు మనందరికీ ఉంది కదా, అది మానాలి.

పదకొండింటికి బాపట్ల వాళ్ళు వచ్చారు. పెదమామగారి భార్య తనని చూసి కళ్ళు పెద్దవి చేసింది, ఏమో అనబోయి తోడికోడలి వైపు చూసింది. తోడికోడలు, మంచి మనిషి, "అక్కా, నువ్వు అక్కడ కూర్చో, నేను కాఫీలు చూస్తా" అని కుర్చీ జరిపి లోపలికి వెళ్ళిపోయింది. అంతకు మించి గొడవేం జరగలేదు. జరుగుతుందని రాత్రంతా నిద్రపోని నేను కొంచెం ఖాళీ అయినట్టు కూర్చున్నాను.

పిల్లాడి తల్లి టీచరట. పిల్లతో నాలుగు మాటలు మాట్లాడాక మా ఆడపడుచు వైపు తిరిగి, "వదినగారూ, షాపు మీరే చూసుకుంటారని విన్నాను. సరుకు ఎక్కడి నుంచి తెస్తారు?" అని అడిగింది. తను మొదట రెండు ముక్కల్లో చెప్పింది. తర్వాత గుంటూరు హోల్‌సేల్ గురించి, పండగల ముందు గాజుల రేట్ల గురించి, ఉద్దెర పెట్టి ముఖం చాటేసే వాళ్ళ గురించి చెబుతూ పోయింది. చేతులు కూడా కదిలాయి. తను అంతసేపు మాట్లాడగా విని మూడేళ్ళయింది. వాళ్ళందరూ అదంతా పిల్ల తల్లి మామూలు స్వభావం అనుకుని ఉంటారు. అసలు మామూలు అదే కూడాను.

"అయ్యో" అని ఎవరూ అనలేదు. ఆయన ఎలా పోయారని అడిగారు. చెప్పింది. కన్నీళ్ళొస్తే రెప్ప కింద కాటుక లేదు కాబట్టి ఏమీ కారలేదు.

సాయంత్రం వాళ్ళు వెళ్ళాక కొబ్బరినూనె దూదికి అద్ది తనే అంతా తుడిచేసుకుంది. మేకప్‌తో పడుకోకూడదు, ఎంత అలిసిపోయినా సరే. నూనెతో తుడిచాక మళ్ళీ ముఖం కడుక్కోవాలి, లేకపోతే కొందరికి పొక్కులొస్తాయి. బొట్టుబిళ్ళ తియ్యబోతూ ఆగి, "ఇది పడుకునే ముందు తీస్తాలే" అంది.

సంబంధం కుదిరింది. ఫాల్గుణంలో బాపట్లలో నిశ్చయతాంబూలాలకి వెళ్ళాం. ఆ రోజు తనకి మేకప్ నేను చెయ్యలేదు. నేను మా ఇంట్లో చీర కుచ్చిళ్ళు సర్దుకునేసరికి ఆలస్యమైంది. వెళ్ళి చూస్తే తనే చేసుకుని ఉంది. కనుబొమలు రెండూ సమానంగా ఉన్నాయి. ఫౌండేషన్ నాకన్నా తక్కువ వేసింది. పక్కన కూర్చున్న మా అత్తయ్యగారి చేతులు నున్నగా మెరుస్తుంటే ఏమిటా అని చూశాను. కూతురు కారులో వస్తూ వస్తూ ఆవిడ చేతులకి మాయిశ్చరైజర్ రాసిందట. "జిడ్డుగా ఉంది" అని విసుక్కుంటూనే మాటిమాటికీ చేతులు చూసుకుంటున్నారు.

మొన్న సోమవారం ఫోన్ చేసింది.

"వదినా, ఆ నారింజ రంగుది డజను తెప్పించాను. రెండే మిగిలాయి."

"అంతమంది కొన్నారా?"

"ఏం వాడుతున్నావని అడుగుతున్నారు, ఇదేనని చూపిస్తున్నాను. కానీ ఫౌండేషన్ తోనే చావొచ్చింది. ఆ ఏజెంటు ఎప్పుడూ తెల్ల షేడులే పంపుతాడు. రేపల్లెలో ఎండన పడి నాట్లేసే వాళ్ళకి, చేపలమ్మే వాళ్ళకి అవెక్కడ నప్పుతాయి? ముదురువి పంపమంటే అమ్ముడుపోవు మేడమ్ అంటాడు. పంపి చూడు, పోకపోతే నేనే ఉంచుకుంటానని గట్టిగా చెప్పాను. గురువారం వస్తాయి. నువ్వొస్తే ఏ షేడు ఎవరికో ఒకసారి చూసి పెడుదువుగాని. పొద్దున బండికే రా, మధ్యాహ్నం బేరాలెక్కువ."